తోడేలు

వాన పట్టుకున్న ఓ ఆదివారం మా ఎనిమిదేళ్ల వాణ్ని పక్కన కూర్చోబెట్టుకుని ఒక డాక్యుమెంటరీ పెట్టాను. ఫ్రాన్స్ దక్షిణాన ఉన్న షోవే గుహ మీద వెర్నర్ హెర్జోగ్ 2010లో తీసింది. సౌండు తగ్గించేసి, కథ నేనే తెలుగులో చెప్పాలని నా ఎత్తు. తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబిచ్చే పిల్లలున్న ఇళ్లలో ఇలాంటి ఎత్తులు మామూలే.

1994 డిసెంబరులో ముగ్గురి కంటబడిందీ గుహ. గోడల నిండా బొగ్గుతో గీసిన సింహాలు, ఖడ్గమృగాలు, గుర్రాలు. కొన్ని 30 వేల ఏళ్లకు పైబడినవి. ఫ్రాన్స్‌లోనే ఉన్న మరో పాత బొమ్మల గుహ లాస్కోలో చూడవచ్చిన జనం ఊపిరికే బొమ్మలు పాడవుతుంటే 1963లో మూసేశారు. ఆ అనుభవంతో షోవేలోకి మొదటి నుంచీ సందర్శకులను రానివ్వలేదు. సినిమా వాళ్లు కూడా సన్నటి ఇనుప బాట దిగకుండానే తీశారు.

ఒక అడవిదున్నకు ఎనిమిది కాళ్లు గీశాడు ఆ చిత్రకారుడెవరో. మావాడు చూడగానే "రన్నింగ్!" అన్నాడు. "పరిగెడుతోంది" అన్నాను. వినిపించుకోలేదు. నిజానికి నాకు తట్టని సంగతి వాడికి తట్టింది, నేనేమో క్రియాపదం దిద్దుతూ కూర్చున్నాను.

ఆ తర్వాత వచ్చాయి నేల మీద అడుగులు. సుమారు ఎనిమిదేళ్ల పిల్లాడివట. పక్కనే ఓ తోడేలు అడుగు. అది ఆకలితో వెంటపడిందా, ఇద్దరూ స్నేహంగా నడిచారా, లేక రెండు అడుగుల మధ్య వేల ఏళ్లు గడిచాయా అని అడుగుతాడు హెర్జోగ్.

"తోడేలు అంటే? నక్కా?"

"కాదు, నక్క కన్నా పెద్దది."

కాసేపు ఆలోచించాడు. "రాత్రి నువ్వు బాత్రూమ్ దాకా తోడు వస్తావే, ఆ తోడా?"

"ఊఁ... మాట అదే."

"అయితే అది వాడికి తోడు వచ్చింది. అందుకే తోడేలు!"

మొత్తం తెలుగులోనే అన్నాడు. మాటల పుట్టుక మీద పాఠం మొదలుపెట్టబోయి నాలుక కరుచుకున్నాను. సినిమా మిగతా సగం ఏం చూశామో నాకు సరిగ్గా గుర్తులేదు.

ఆ రాత్రి పదకొండింటికి వాడి గదిలోంచి కేక.

"అమ్మా! తోడేలు కావాలి!"

చెప్పులు వెతుక్కుంటూ లేచాను.