పన్నెండున్నరకు పడిపోయిన మైలేజీ, పీకి పారేసిన ఒక వాల్వ్

పోయిన డిసెంబరులో మా కారు లీటరుకు పన్నెండున్నర ఇచ్చింది. 2015 మోడల్ పెట్రోల్ బండి, చిన్నది. రెండేళ్ళ కిందటి వరకు ఇదే మియాపూర్, గచ్చిబౌలి తిరుగుడులో పదహారు ఇచ్చేది. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరుగుతాను కాబట్టి అంతకుముందు 62 లీటర్లతో సరిపోయేది, డిసెంబరుకు 80 పోయించాల్సి వచ్చింది. హైదరాబాద్‌లో అప్పుడు లీటరు 107 చిల్లర ఉండేది, అంటే నెలకు పద్దెనిమిది వందల పైచిలుకు ఊరికే పోయేది. డబ్బు సంగతి అలా ఉంచితే, ఎవరినడిగినా "బండి పాతదైపోయింది కదా" అని తేల్చేయడం నాకు ఎక్కువ బాధనిపించింది. ఇంజన్ అరిగిపోతే పికప్ తగ్గాలి, ఆయిల్ తాగాలి, పొగ రావాలి. మా బండికి అవేవీ లేవు.

ముందు అందరూ చేసేదే నేనూ చేశాను. షెడ్డుకు తీసుకెళ్ళి ప్లగ్గులు మార్పించాను, ఎయిర్ ఫిల్టర్ మార్పించాను, త్రాటిల్ బాడీ, ఇంజెక్టర్లు క్లీన్ చేయించాను. నాలుగు వేలు దాటింది, మైలేజీ మాత్రం కదల్లేదు. ఎయిర్ ఫిల్టర్ మారిస్తే మైలేజీ పెరుగుతుందన్న మాట కార్బొరేటర్ రోజుల నాటిది. ఇప్పటి బళ్ళలో లోపలికి ఎంత గాలి వెళ్తోందో సెన్సార్ చూసి, దానికి తగ్గట్టే కంప్యూటర్ పెట్రోల్ వదులుతుంది. ఫిల్టర్ మూసుకుపోతే పికప్ పడిపోతుంది గానీ మైలేజీలో పెద్ద తేడా రాదు. ఫిల్టర్ మార్చొద్దని కాదు, టైముకు మార్చాల్సిందే, కానీ నా జబ్బుకు అది మందు కాదు.

అప్పుడు కూర్చుని మొదటి నుంచి లెక్క మొదలుపెట్టాను. మీటర్ మీద కనిపించే యావరేజ్‌ను పక్కన పెట్టేశాను. ఒకే బంకు, వీలైతే ఒకే పంపు, నాజిల్ తనంతట తాను ఆగిన చోట ఆపేయడం, రౌండ్ ఫిగర్ కోసం ఇంకాస్త పోయించుకోకపోవడం, ట్రిప్ మీటర్ సున్నా చేయడం. ఇలా కనీసం మూడు ట్యాంకులు చూడాలి. నాజిల్ ఒకసారి ముందు, ఒకసారి వెనక ఆగితే లీటరు దాకా తేడా వస్తుంది. పదిహేను లీటర్లు పోయించి లెక్క కడితే ఆ ఒక్క లీటరే కిలోమీటరు తప్పు చూపిస్తుంది. మూడు ట్యాంకుల సగటు పన్నెండున్నరే వచ్చింది, కాబట్టి జబ్బు నిజమేనని తేలింది.

టైర్లలో గాలి పొద్దున్నే బండి కదలకముందు చూశాను. డ్రైవర్ డోర్ తెరిస్తే పక్క పిల్లర్ మీద స్టిక్కర్ ఉంటుంది, మా బండికి 33. ఒక టైరులో 24, మిగతా మూడింట్లో 28 చొప్పున ఉన్నాయి. తర్వాత బ్రేకులు. ఇరవై నిమిషాలు నడిపి ఆపి, ఒక్కో చక్రం దగ్గరకు చెయ్యి తీసుకెళ్ళి వేడి చూశాను, తాకకుండా, ఎందుకంటే పట్టేసిన బ్రేకు చర్మం కాల్చేస్తుంది. వెనక ఎడమ చక్రం మాత్రం సెగలు కక్కుతోంది. జాకీ పెట్టి లేపి తిప్పితే రెండు చుట్లు కూడా తిరగడం లేదు. హ్యాండ్ బ్రేక్ కేబుల్ తుప్పు పట్టి వెనక్కి రావడం లేదు, అంటే బండి ఎప్పుడూ కొంచెం బ్రేకు మీదే నడుస్తోంది. కేబుల్ మార్పించి, గాలి సరిగ్గా కొట్టించాక 13.4 వచ్చింది. సంతోషమే, కానీ పదహారుకు ఇంకా చాలా దూరం.

అసలు దొంగ దొరికింది ఒక నీలం లైటు వల్ల. మా బండికి టెంపరేచర్ ముల్లు లేదు, ఇంజన్ చల్లగా ఉన్నంతసేపు మీటర్లో నీలం లైటు వెలుగుతుంది. చలికాలం పొద్దున్నే ఔటర్ రింగ్ రోడ్ ఎక్కితే, ఒకసారి ఆరిన ఆ లైటు మళ్ళీ వెలగడం రెండు మూడు సార్లు చూశాను, పట్టించుకోలేదు. ఈసారి వెయ్యి రూపాయలు పెట్టి ఓబీడీ బ్లూటూత్ ముక్క (ఇంజన్ కంప్యూటర్ లెక్కలను ఫోన్లో చూపించేది) కొని స్టీరింగ్ కింద పోర్టులో పెట్టి ఫోన్లో చూశాను. మియాపూర్ ట్రాఫిక్‌లో కూలెంట్, అంటే ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం, 80 డిగ్రీలు. ఔటర్ ఎక్కి ఎనభై స్పీడులో పోతుంటే దిగుతూ దిగుతూ 61. వేడెక్కిన ఇంజన్ మంచి స్పీడులో అంత చల్లబడకూడదు. నిలబడితే వేడి పెరిగి, గాలి తగిలితే పడిపోతోందంటే థర్మోస్టాట్ (ఆ ద్రవాన్ని రేడియేటర్‌కు వదిలే వాల్వ్) తెరుచుకుని ఉండిపోయిందని, లేదా అసలు లేదని అర్థం.

ఇంటికొచ్చి పాత బిల్లుల ఫైలు తీశాను. మైలేజీ ఎప్పటి నుంచి తగ్గిందో వెతికితే, రెండేళ్ళ కిందట ఎండాకాలంలో రేడియేటర్ పైపు పగిలి రిపేర్ చేయించిన నెల నుంచే. ఆ షెడ్డుకే వెళ్ళి అడిగాను. "అన్నా, మన ఎండలకు ఆ వాల్వ్ దేనికి? తీసేస్తే ఇంజన్ చల్లగుంటది" అన్నాడు. మోసం చేయాలని కాదు, అతను నిజంగానే అలా నమ్ముతున్నాడు. చాలా షెడ్లలో ఇదే నమ్మకం. ఎండాకాలంలో ఇంజన్ వేడెక్కిందని బండి తీసుకెళ్తే ఫ్యాన్, కూలెంట్, రేడియేటర్ చూడటం మానేసి ముందు వాల్వ్ పీకేస్తారు.

ఆ వాల్వ్ పని ఇంజన్‌ను చల్లబరచడం కాదు. లోపల మైనం ఉంటుంది, దాదాపు 82 నుంచి 88 డిగ్రీల మధ్య (బండిని బట్టి) అది కరిగి ఉబ్బి దారి తెరుస్తుంది. అప్పటిదాకా నీళ్ళను రేడియేటర్‌కు పోనివ్వదు, అందుకే ఇంజన్ త్వరగా వేడెక్కుతుంది. అది లేకపోతే స్టార్ట్ చేసిన నిమిషం నుంచే నీళ్ళు రేడియేటర్లో తిరుగుతాయి. చల్లని ఇంజన్లో పెట్రోల్ సరిగ్గా ఆవిరి కాదు కాబట్టి కంప్యూటర్ ఎక్కువ పోస్తుంది, ఆయిల్ చిక్కగా ఉండి రాపిడి పెరుగుతుంది. నాలాగా పది కిలోమీటర్ల ఆఫీసుకు వెళ్ళేవాడి బండి రోజూ సగం దారి చల్లగానే పోతుంది. మైలేజీ ఒక్కటే కాదు, ఇలా నడిస్తే పెట్రోల్ ఆయిల్లో కలిసి ఇంజన్ కూడా అరుగుతుంది. అందుకే నాకు అంత కోపం వచ్చింది.

వేరే షెడ్డులో కొత్త వాల్వ్, రబ్బరు రింగు, నీళ్ళకు బదులు కూలెంట్ వేయించాను, అన్నీ కలిపి రెండు వేల లోపే. ఔటర్ మీద ఇప్పుడు 86, 90 మధ్య ఉంటోంది. మూడు ట్యాంకుల సగటు 15.2.

పదహారుకు మిగిలిన 0.8 కిలోమీటర్ల తేడాలో సగం పైన పెట్రోలుదే అనుకుంటున్నాను. పెట్రోల్‌లో కలిపే ఇథనాల్‌లో లీటరుకు శక్తి పెట్రోల్ కన్నా మూడో వంతు తక్కువ. పది శాతం కలిపిన రోజుల నుంచి ఇరవై శాతానికి వచ్చాం, ఆ లెక్కన మూడు నాలుగు శాతం తగ్గాలి, అంటే మా బండికి అర కిలోమీటరు. దాన్ని ఏ మెకానిక్కూ బాగుచేయలేడు. కానీ మూడున్నర కిలోమీటర్లు పడిపోయినప్పుడు కూడా మొత్తం ఇథనాల్ మీద తోసేసి ఊరుకోవద్దు.

మొన్న ఆదివారం సూర్యాపేట నుంచి బాబాయి వచ్చాడు, ఆయన కారు కూడా పన్నెండే ఇస్తోందట. పొద్దున్నే ఇద్దరం ఔటర్ మీద ఒక రౌండు వేశాం. పావుగంటైనా నీలం లైటు ఆరలేదు. "పోయిన ఎండాకాలం ఏమైనా రిపేర్ చేయించావా బాబాయ్?" అని అడిగితే, "వాటర్ పంపు మార్చార్రా" అన్నాడు. శనివారం షెడ్డుకు తీసుకెళ్తున్నాం.