పసుపెక్కిన రేడియో డబ్బాకు మళ్లీ తెలుపు

పాత రేడియో, కంప్యూటర్ డబ్బాల పసుపు మురికి కాదు, సర్ఫుతో పోదు. ఏబీఎస్ అనే గట్టి ప్లాస్టిక్ వెలుతురుకు, గాలికి ఆక్సీకరణం చెందితే వచ్చే రంగది.

ముందు బోర్డు, స్పీకర్, స్టిక్కర్లు తీసేసి డబ్బాను సబ్బునీళ్లతో కడగండి. పసుపును పోగొట్టేది హైడ్రోజన్ పెరాక్సైడ్. మెడికల్ షాపులో దొరికేది మామూలుగా 6 శాతం, నీళ్లలా జారిపోతుంది. బ్యూటీపార్లర్ సామాన్ల దుకాణంలో 40 వాల్యూమ్ క్రీమ్ డెవలపర్ (జుట్టు రంగులో కలిపే పెరాక్సైడ్ క్రీమ్) అడగండి, అది 12 శాతం. గ్లౌజులు, కళ్లద్దాలు తప్పనిసరి. క్రీమ్ తగిలితే చర్మం తెల్లబడి మండుతుంది. బ్రష్‌తో మందంగా పూసి, పల్చని ప్లాస్టిక్ కవరు చుట్టి ఎండలో పెట్టండి. గంటకోసారి తిప్పుతూ క్రీమ్ సర్దాలి. ఎక్కడ ఎండిపోతే అక్కడ చారలు పడతాయి, వాటిని పోగొట్టడం మహా కష్టం.

నల్లగొండ మే ఎండ చూసి ఆశపడొద్దు. కాలిన స్లాబు మీద పల్చని మూతలు వంకరపోతాయి, క్రీమూ తొందరగా ఎండుతుంది. జనవరి ఎండే నయం, కాకపోతే రెండు రోజులు పట్టొచ్చు. కొన్నేళ్లకు పసుపు మళ్లీ తిరగొచ్చు, నీడలో దాచినా సరే.