రంగుల పటం, చివరి కుళాయి

చండూరు దగ్గర ఒక ఊరి నీటి పైపులైన్లకు కన్సల్టెన్సీ ఒకటి ఎపానెట్‌లో తయారుచేసిన కంప్యూటర్ నమూనాను సరిచూసే పని నాకు వచ్చింది. చివరి వీధిలోనూ ఏడు మీటర్ల పీడనం (అంత ఎత్తు నీళ్లు కలిగించే ఒత్తిడి) ఉందని పటం పచ్చగా చూపిస్తోంది. ఆ వీధివాళ్లేమో బిందె నిండడం లేదని మొత్తుకుంటున్నారు.

ఎపానెట్ 1993లో అమెరికా పర్యావరణ సంస్థ విడుదల చేసిన, పైపులైన్లలో నీటి ప్రవాహాన్నీ పీడనాన్నీ లెక్కకట్టే ఉచిత సాఫ్ట్‌వేర్. దాని గణితం మీద నాకు అనుమానం లేదు, అందులో పోసిన అంకెల మీదే ఉంది. లెక్క కుదిరిందని తెర మీద వచ్చినంత మాత్రాన సమీకరణాలు సరిపోయాయనే అర్థం, ఊరు సరిపోయిందని కాదు.

ముందు ఒక్క పైపు తీసుకుని, రాపిడి వల్ల పోయే పీడనాన్ని చెప్పే హేజెన్-విలియమ్స్ సూత్రంతో కాగితం మీద లెక్క వేశాను. 110 మి.మీ. హెచ్‌డీపీఈ (ప్లాస్టిక్) పైపు, పొడవు 600 మీటర్లు, సెకనుకు 6 లీటర్లు, పైపు లోపలి నునుపును తెలిపే సి విలువ 140. నమూనాలో రాపిడి నష్టం 2.4 మీటర్లు, నా లెక్కలో 3.6. కారణం పైపు ముక్కను చేతిలోకి తీసుకోగానే తెలిసింది: 110 అనేది బయటి వ్యాసం. గోడల మందం పోగా నీళ్లకు మిగిలింది 101 మి.మీ. చిల్లర. వ్యాసం ఈ సూత్రంలో 4.87వ ఘాతంలో ఉంటుంది కాబట్టి ఆ కాస్త తేడాకే నష్టం ఒకటిన్నర రెట్లయింది.

తర్వాత ప్రెషర్ గేజ్ పట్టుకుని ఊరికి వెళ్లాను. కుళాయిలన్నీ కట్టేయించి చూస్తే చివర్లో చదరపు సెంటీమీటరుకు 1.2 కిలోలు, అంటే 12 మీటర్లు. ట్యాంకు నీటిమట్టానికీ కుళాయికీ ఉన్న ఎత్తు తేడా అంతే. ఎత్తుల కొలతలు సరైనవే. కుళాయిలు విప్పాక మాత్రం ముల్లు సరిదిద్దిన లెక్క కంటే కూడా కిందికి పడిపోయింది.

"ఆ మూల మీద గేట్ వాల్వ్ సగమే విప్పి ఉంచాను సార్, పూర్తిగా విప్పితే పాత జాయింటు కారుతుంది" అన్నాడు పంపు ఆపరేటర్. నమూనాలో ఆ వాల్వ్ బార్లా తెరిచి ఉంది!

ఇంకో చిక్కు. నీళ్లు వదిలేది రోజుకు కాసేపే. మొదట కుళాయిల్లోంచి గాలే వస్తుంది. ఎపానెట్ మాత్రం పైపు ఎప్పుడూ నిండుగా ఉందనే అనుకుంటుంది. పైగా పాత పద్ధతిలో పీడనం లేకపోయినా కోరినంత నీరు ఇచ్చేసినట్టే లెక్కకడుతుంది. పీడనాన్ని బట్టి నీటిని తగ్గించే పద్ధతి 2020లో వచ్చిన ఎపానెట్ 2.2 వెర్షన్‌లో ఉంది. దానితోనే మళ్లీ నడపమన్నాను. లోపలి వ్యాసాలు, వాల్వ్ స్థితి, గేజ్ రీడింగులు పక్కపక్కనే వేసి పంపితేనే సంతకం పెడతానని రాసి, నివేదికను కన్సల్టెన్సీకి వెనక్కి పంపాను.