మాట పడిపోయిన రోజుల్లో ఇంటికొచ్చిన మనిషి

నాకు పక్షవాతం నిద్రలోనే వచ్చింది. తెల్లారి లేచేసరికి కుడి చెయ్యి కదల్లేదు. మా ఆయన్ని పిలుద్దామంటే నోట్లోంచి శబ్దం వస్తోంది గానీ మాట రావడం లేదు. ఒడిశాలో ఉన్న మా ఊరు పర్లాకిమిడి నుంచి పాతపట్నం మీదుగా విశాఖపట్నం తీసుకెళ్లారు. మెదడులో రక్తం గడ్డకట్టిందో, నరం చిట్లిందో తెలియాలంటే ముందు సీటీ స్కాన్ తియ్యాలి. గడ్డయితే దాన్ని కరిగించే ఇంజెక్షన్‌ని లక్షణాలు మొదలైన 4.5 గంటల్లోపు ఇవ్వాలి. నాకు రాత్రి ఏ వేళప్పుడు మొదలైందో ఎవరికీ తెలీదు, అందుకని ఇవ్వలేదు. గండం గడిచింది. కుడి పక్క బలం లేకుండా, మాట లేకుండా ఇంటికి చేరాను.

మాట పోతే తెలివి కూడా పోయిందనుకుంటారు జనం. అది నిజం కాదు. నాకు అందరి మాటలూ అర్థమయ్యేవి, తిరిగి చెప్పడమే వచ్చేది కాదు. నా మంచం పక్కన నిలబడి ‘ఈవిడకి తెలుస్తుందా?’ అని అడిగిన ప్రతి ఒక్కరి గొంతూ నాకు గుర్తుంది.

మా ఆయనకి షుగరు, మోకాళ్ల నొప్పులు. నన్ను లేపి కూర్చోబెట్టలేరు. అబ్బాయి బెంగళూరులో, అమ్మాయి విశాఖలో. విశాఖలో అడిగిన ఏజెన్సీల్లో కొన్ని ఒడిశాలోకి మనిషిని పంపలేమన్నాయి. చివరికి ఒక ఏజెన్సీ ఒప్పుకుంది. ‘ట్రెయిన్డ్ నర్సు’ అని ఫోన్లో చెప్పి, నెల డబ్బు ముందే కట్టించుకుంది.

వచ్చిన అమ్మాయి చెడ్డది కాదు, ఆ పని ఎవరూ నేర్పలేదంతే. నన్ను లేపాలంటే చచ్చుబడిన కుడి చెయ్యి పట్టుకుని లాగేది. పక్షవాతం వచ్చిన భుజానికి కండరాల పట్టు ఉండదు, లాగితే కీలు జారవచ్చు. నొప్పికి నేను మూలిగితే ‘పెద్దమ్మకి చిరాకు’ అనేది. పడుకోబెట్టే నీళ్లు పట్టేది, నాకు పొలమారేది. మింగడం సరిగా రాని మనిషికి అలా పడితే నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోయి నిమోనియా రావచ్చు. నేను చెప్పలేను, మా ఆయనకి తెలీదు. కొన్నాళ్లకి చెప్పాపెట్టకుండా ఆమెను మార్చి ఇంకొకరిని పంపారు. ఆమెకి నా మందుల సంగతే తెలీదు. అడిగితే ఏజెన్సీ వాళ్లు ఫోన్ ఎత్తలేదు.

అప్పుడు మా అమ్మాయి సెలవు పెట్టి వచ్చి, ఈసారి తనే దగ్గరుండి వెతికింది. ముందు ఫిజియోథెరపిస్టుని కూర్చోబెట్టి నాకు నిజంగా ఎలాంటి మనిషి కావాలో అడిగింది. ఇంజెక్షన్లు, గొట్టం పెట్టడం, పుండ్లకి కట్టు కట్టడం ఉంటే నర్సే కావాలి. నర్సుల్లో ఏఎన్ఎం అంటే రెండేళ్ల చదువు, జీఎన్ఎం అంటే మూడేళ్లు, రెండింటికీ నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది. నాకు కావలసింది లేపడం, నడిపించడం, తినిపించడం, స్నానం. దానికి శిక్షణ ఉన్న కేర్‌టేకర్ చాలు. ‘నర్సు’ అన్న మాటకి డబ్బు కట్టి, ఏ శిక్షణా లేని మనిషిని తెచ్చుకోవడమే అంతకుముందు జరిగింది.

తెలిసినవాళ్ల ద్వారా మెళియాపుట్టి వైపు ఊరి నుంచి ఒకామె వచ్చింది. ఆధార్ చూశాం. ఆమెది ఆంధ్రా ఊరు కాబట్టి పోలీసు వెరిఫికేషన్ ఆ పక్క స్టేషన్లో చేయించాం. అంతకుముందు పని చేసిన ఇంటివాళ్లకి అమ్మాయి ఫోన్ చేసింది. ‘మంచిదేనా?’ అని కాదు, ‘మళ్లీ పెట్టుకుంటారా? ఎందుకు మానేసింది?’ అని అడిగింది.

అయినా నా మనసు కుదిరింది వేరే చోట. ఆమె గదిలోకి వచ్చి మా అమ్మాయిని కాకుండా నన్ను అడిగింది: ‘పెద్దమ్మా, నాను మిమ్మల్ని లేపుతాను. సరేనంటే కళ్లు ఓసారి మూయండి.’ కుర్చీని నా ఎడమ పక్క, బలమున్న వైపు పెట్టింది. నడుముకి బెల్టు కట్టి, నా కుడి మోకాలికి తన మోకాలు ఆనించి లేపింది. ఆ చెయ్యిని లాగలేదు. జాకెట్టు తొడిగేటప్పుడు ముందు చచ్చుబడిన చెయ్యికి ఎక్కించింది. అంత కదిపినా నాకు నొప్పి రాలేదు. ముసలివాళ్లకి మనిషిని పెట్టేవాళ్లు ఆ మనిషి చేతులు పని చేస్తుంటే చూడాలి. కాగితాలన్నీ బాగున్నా ఆ అరగంట చూడకుండా పెట్టుకోకండి.

షరతులు తెలుగులో ఒక కాగితం మీద రాసుకున్నాం. ఏం చేస్తుంది, ఏం చెయ్యదు, వారానికో సెలవు, ఆమె రాని రోజు ఎవరొస్తారు అన్నీ అందులో ఉన్నాయి. బీపీ, మందులు, తిండి రోజూ నోటుబుక్కులో రాయాలి. ఏటీఎం కార్డు ఆమె చేతికి ఇవ్వకూడదు. అది ఆమెకి కూడా మంచిదే, రేపు ఎవరూ మాట అనరు. రాత్రి ఆమె నిద్రపోయే వేళ కూడా రాశాం. 24 గంటల మనిషి అని పెట్టుకుని నిద్ర పోనివ్వకపోతే నన్ను పట్టుకోవలసిన చేతులే వణుకుతాయి.

మొదట్లో పల్చటి నీళ్ల కన్నా చిక్కటి అంబలి నాకు సులువుగా దిగేది. ఆమె నన్ను నిటారుగా కూర్చోబెట్టి చెంచాతో పట్టేది, తిన్నాక అరగంట పడుకోనిచ్చేది కాదు. రాత్రి రెండు గంటలకోసారి నన్ను ఒక పక్క నుంచి ఇంకో పక్కకి తిప్పేవాళ్లు. ఆమె నిద్రపోయే వేళ ఆ పని మా అమ్మాయి చేసేది. నాకు పుండ్లు పడలేదు.

మాటల విషయంలో మాత్రం చాలా ఓపిక కావలసి వచ్చింది. నాకు ఒడియా వచ్చు గానీ అప్పుడు నోటికి అందింది ఇంట్లో మాట్లాడే తెలుగే. సొంతంగా ఒక్క మాట కూర్చలేని మనిషికి కూడా అంకెలు, వారాలు, కంఠతా వచ్చిన పద్యాలు వరసగా వచ్చేయవచ్చని స్పీచ్ థెరపిస్టు చెప్పారు. మా కేర్‌టేకర్ నన్ను నడిపిస్తూ ‘ఒకటి’ అనేది, నేను ‘రెండు’ అనేదాన్ని. కొన్నాళ్లకి అంకెల మధ్యలోంచి ‘నీళ్లు’ వచ్చింది. నాకంటే ఆమే ఎక్కువ సంబరపడింది.

ఇప్పుడు కర్ర పట్టుకుని వీధి చివరిదాకా నడుస్తున్నాను. తడబడినా నా మాట నేనే చెప్పుకుంటున్నాను. ఆమె పగలు మాత్రమే వస్తోంది. సంక్రాంతికి తన ఊరు వెళ్తానంది. బదులు వచ్చే మనిషి ముందే వచ్చి రెండు పూటలు ఆమె పక్కన ఉండి పని చూడాలని ఈసారి నేనే అడిగాను. సరేనన్నారు.