నిలబెట్టి తీసిన ఎక్స్‌రే

ముసురు వదలడం లేదు. వాన పట్టిందంటే మా ఎక్స్‌రే గదికి చీలమండలు వరస కడతాయి. బాత్రూంలో కాలు జారినవాళ్లు, పొలం గట్టు మీద పడ్డవాళ్లు, బండి స్కిడ్ అయినవాళ్లు. పొద్దున నేను వెళ్లేసరికే బెంచీ నిండిపోయింది.

మొదట ఒక పెద్దమ్మ. వాపుకి వెండి పట్టీ చర్మంలోకి దిగబడిపోయింది. "తియ్యాలి పెద్దమ్మా, సరిగ్గా చూడాల్సిన చోటే అడ్డం పడుతుంది" అన్నాను. "కొయ్యకు తల్లీ, మా ఆయన చేయించింది" అంది. సబ్బునీళ్లు రాసి, మెల్లగా కొక్కెం విప్పాను. పట్టీని కొంగున ముడేసుకున్నాకే కాలు చాపింది.

చీలమండకి మామూలుగా మూడు ఫిల్ములు. ఎదురుగా ఒకటి, పక్కనుంచి ఒకటి, మూడోది మోర్టైస్ వ్యూ. నా పనితనమంతా ఆ మూడోదాంట్లోనే. కాలు మొత్తాన్ని 15 నుంచి 20 డిగ్రీలు లోపలికి తిప్పాలి. అప్పుడే చీలమండ గూట్లో కూర్చునే పాదం ఎముక, టాలస్, దాని చుట్టూ ఉండే సందు స్పష్టంగా పడుతుంది. నొప్పి భయానికి చాలామంది పాదం ఒక్కటే తిప్పి ఊరుకుంటారు. అలా తీస్తే కాలి బయటి ఎముక ఫిబులా నీడ టాలస్ మీద పడి సందు కనిపించదు.

"విరిగిందా?" అనే అందరూ అడిగేది. ఆర్థో డాక్టర్లు అంతకంటే ముందు చూసేది టాలస్ తన గూట్లో సరిగ్గా కూర్చుందా లేదా అని. అది ఒక్క మిల్లీమీటరు బయటికి జరిగితే కీలులో ఎముకలు ఆనే మేర సగటున 42 శాతం తగ్గుతుందని 1976లోనే ఒక అధ్యయనంలో తేల్చారు. బరువంతా కొంచెం చోటులోనే పడితే కీలు అరిగిపోదా మరి!

పెద్దమ్మకి రెండు పక్కలా విరిగింది, టాలస్ కూడా జరిగింది. డ్యూటీ డాక్టర్ లాగి సరిచేసి పిండికట్టు వేశాక, కుదిరిందో లేదో చూడ్డానికి మళ్లీ ఫిల్మ్ తీశాను. వాపు తగ్గాక ఆపరేషనట.

మధ్యలో ఒకాయన చకచకా నడుచుకుంటూ వచ్చాడు. ఎముక మీద నొక్కితే నొప్పి లేకపోతే, నాలుగడుగులు వేయగలిగితే ఎక్స్‌రే అక్కర్లేదని కెనడా వాళ్ల ఒట్టావా నియమాలు 1992 నుంచీ చెబుతున్నాయి. మన దగ్గర ఆ మాటంటే "ఫోటో తీయకుండా పంపిస్తారా?" అని గొడవ. ఆయనకీ తీశాం. ఉత్త బెణుకే.

మధ్యాహ్నం బండి మీంచి పడ్డ కుర్రాడు తిరిగి వచ్చాడు. పోయిన వారం తీసిన ఫిల్ములో బయటి ఎముక ఒక్కటే కీలు ఎత్తులో విరిగింది, వెబర్ బి రకం. పడుకోబెట్టి తీసినప్పుడు సందు బాగానే ఉంది. ఎముకల్ని కట్టి ఉంచే లోపలి లిగమెంటు ఎక్స్‌రేలో కనపడదు కాబట్టి, బరువు పడ్డప్పుడు కీలు నిలుస్తుందా అని చూడాలి. అందుకే కట్టు విప్పి నిలబెట్టి తీయమని డాక్టర్ రాశారు.

"విరిగిన కాలు మీద నిలబడమంటారేంటక్కా?" అన్నాడు, చెమటలు కక్కుతూ. కడ్డీ పట్టుకోమని, వాళ్లమ్మని ఏప్రన్ తొడిగి పక్కన నిలబెట్టాను. వాడు కళ్లు గట్టిగా మూసుకుని మెల్లగా బరువు మోపాడు. స్క్రీన్ మీద కొలిస్తే టాలస్‌కి లోపలి పక్క సందు పైసందుతో సమానంగా ఉంది, నాలుగు మిల్లీమీటర్లు దాటలేదు. అంటే టాలస్ జరగలేదు. "ప్లేటు వెయ్యాలా అక్కా?" అంటే, డాక్టర్ చెబుతారన్నాను. మనసులో మాత్రం హమ్మయ్య అనుకున్నా.

ఆపరేషన్ వద్దన్నారు. కట్టుతోనే నయమవుతుందట, కొన్నాళ్లాగి ఇంకో ఫిల్మ్. "బాగానే ఉందన్నారుగా, మళ్లీ డబ్బులెందుకమ్మా?" అని వాళ్లమ్మ నన్నే నిలదీసింది. వాపు తగ్గితే కట్టు వదులవుతుంది, లోపల ఎముక జరిగినా పైకి తెలీదని చెప్పాను. సగమే నమ్మినట్టుంది. చీటీ మాత్రం భద్రంగా పర్సులో పెట్టుకుంది.