ఉప్పుడు బియ్యం మిల్లు బుష్

ఆగస్టు, మంగళవారం. వరంగల్.

పొద్దున నా లేత్ షాపు షట్టర్ తీసేసరికే మిల్లు మెకానిక్ గోనెసంచిలో, బుష్షును పట్టి ఉంచే ఇనుప హౌసింగు పెట్టుకొని నిలబడి ఉన్నాడు. "అన్నా, నువ్వు ఏప్రిల్‌ల చేసిచ్చిన బుష్షు షాఫ్టును పట్టేసింది, మోటరు గుంజుతలేదు" అన్నాడు. నానిన వడ్లను పైకెత్తే ఎలివేటర్ అడుగున, షాఫ్టు లోపల తిరిగేలా వేసిన గొట్టంలాంటి నైలాన్ ముక్క, అంటే బుష్, అది. హౌసింగులో దిగగొట్టిన తరువాత రంధ్రం 40.20 మిల్లీమీటర్లు ఉన్నట్టు నా నోటుపుస్తకంలో ఉంది. ఈరోజు షాఫ్టు ఊడదీసి కొలిస్తే 39.90 వచ్చింది. షాఫ్టు 40 మిల్లీమీటర్లు.

తప్పు పూర్తిగా నాదే. నైలాన్ 6 గాలిలోని తేమనే తన బరువులో 3 శాతం దాకా పీల్చుకుంటుంది, నీళ్లలోనే ఉంటే 9 శాతం దాకా పోతుంది. పీల్చినకొద్దీ ఉబ్బుతుంది. విడిగా ఉన్న బుష్ ఉబ్బితే రంధ్రం కూడా కొంచెం పెరుగుతుంది కానీ, చుట్టూ ఇనుము బిగించి ఉన్నప్పుడు బయటికి పోయే దారిలేక ఆ ఉబ్బంతా లోపలికే వస్తుంది. ఎండాకాలంలో, ఎండిన రాడ్డుతో, ఎండిన గదిలో కొలతలు తీసి, నీళ్లలో బతకవలసిన బుష్‌ను చేశాను.

మధ్యాహ్నం దాకా రాడ్లు ముందు పెట్టుకొని ఆలోచించాను. అసిటాల్ అనే గట్టి ప్లాస్టిక్ నీళ్లలో మునిగి ఉన్నా ఒక శాతం లోపే పీలుస్తుంది. అయితే వడ్ల పొట్టులో సిలికా ఎక్కువ, అది గరుకుకాగితంలా గీస్తుంది, ఆ గీతలకు అసిటాల్ కన్నా నైలానే బాగా ఓర్చుకుంటుంది. అరుగుదలను ఇంకా బాగా తట్టుకునే యూహెచ్‌ఎండబ్ల్యూ అనే రకం పాలిథీన్ ఉంది కానీ, నీళ్లపై తేలేంత తేలికైన ఆ మెత్తని పదార్థంలో కొలత నిలబెట్టడం కష్టం. టెఫ్లాన్ బరువు మోపితే నెమ్మదిగా అణిగి ఆకారం మారిపోతుంది కనుక దానిని ముట్టుకోలేదు.

చివరికి అడుగు బుష్‌కు అసిటాల్ నిర్ణయించి, పొట్టు లోపలికి రాకుండా రెండు వైపులా సీలు వేయమని మెకానిక్‌కు చెప్పాను. పొడిగా ఉండే పై బుష్‌కు మాత్రం నైలానే ఉంచి, రంధ్రం సందు పెంచాను. మా దగ్గర ఏ అసిటాల్ రాడ్డునైనా డెల్రిన్ అనే పిలుస్తారు, కానీ అందులో హోమోపాలిమర్, కోపాలిమర్ అని రెండు రకాలున్నాయి. వేడి నీటికి కోపాలిమర్ ఎక్కువకాలం నిలుస్తుంది కనుక అడిగి మరీ అదే తెప్పించాను.

లేత్ మీద కోస్తుంటే నైలాన్ తరుగు పొడవాటి దారంలా పనిముక్కకు చుట్టుకొని విసిగిస్తుంది, అసిటాల్ తరుగు మాత్రం తెగి చక్కగా రాలింది. టూల్ మొద్దుబారితే వేడికి ఫార్మాల్డిహైడ్ వాయువు వచ్చి కళ్లు మండుతాయి కనుక, ముందే పదును పెట్టాను. వేడికి ఇనుము కన్నా అసిటాల్ ఎనిమిది తొమ్మిది రెట్లు ఎక్కువ వ్యాకోచిస్తుంది, పైగా వడ్లు వేడిగా పడతాయి. అందుకే పనిముక్కను గంటసేపు చల్లారనిచ్చి, బిగించిన తరువాత రంధ్రం 40.40 ఉండేలా కోశాను.

సాయంత్రం మెకానిక్ తీసుకుపోయాడు. మిగిలిన నైలాన్ ముక్క వ్యాసాన్ని మైక్రోమీటరుతో కొలిచి, గ్లాసు నీళ్లలో వేసి కిటికీలో పెట్టాను. వారానికొకసారి తీసి కొలిచి, ఈ పుటలోనే రాస్తాను.