మీ ఇంట్లో గన్ ఉందా అని అడిగినందుకు

మా ఇంట్లో తుపాకీకి తాళం పడేసరికి తలప్రాణం తోకకొచ్చింది. అసలు అవమానం మాత్రం ఆ తర్వాత, వేరేవాళ్ళింట్లో జరిగింది. ఆ మంట చల్లారకముందే రాసేస్తున్నా.

డాలస్ చుట్టుపక్కల ఉండే మనవాళ్ళకు కొత్తగా చెప్పేదేముంది, మన ఇళ్ళలో బంగారం ఉంటుందని దొంగలకు బాగా తెలుసు. హెచ్‌1బీ మీద ఉన్నన్నాళ్ళూ మామూలుగా గన్ కొనే వీల్లేదు. గ్రీన్‌కార్డు రాగానే మా ఆయన ఒక నైన్ ఎంఎం పిస్టల్ కొనుక్కొచ్చి క్లోజెట్ పై అరలో, పట్టుపంచెల కింద పెట్టారు. మావాడికి నాలుగేళ్ళు. కుర్చీ మీద స్టూలు ఎక్కించి మరీ సున్నుండల డబ్బా దించుకునే రకం.

"వాడికేం అందుతుందిలే" అన్నారాయన. గన్ అమ్మిన కొట్టు గోడ మీదే అంగుళం ఎత్తు అక్షరాలతో బోర్డు ఉంటుంది, పిల్లలు తిరిగేచోట తాళం లేకుండా తుపాకీ పెట్టడం నేరమని. టెక్సస్‌లో ఈ చట్టానికి పిల్లలంటే 17 ఏళ్ళలోపు వాళ్ళు. బోర్డు ఎవరు చదువుతారు, డిస్కౌంటు చూసుకోవడమే సరిపోతుంది! పిస్టల్‌తోపాటు కేబుల్ తాళం కూడా ఇచ్చారు. షాపువాళ్ళు తప్పకుండా ఇవ్వాలని రూలు. కవరు విప్పితేగా! పిస్టల్ ఖాళీ చేసి, పైన జరిగే భాగాన్ని (స్లైడు) వెనక్కి లాగి, పైనుంచి ఆ తీగ దూర్చి, బుల్లెట్ల మేగజీన్ పెట్టేచోట కిందకు లాగి తాళం వేస్తే స్లైడు ముందుకు రాదు, గన్ పేలదు. అంతే పని. తాళం పోతే పోలీస్ స్టేషన్లలో చాలాచోట్ల ఉచితంగా ఇస్తారు.

గన్ దాచే తాళంపెట్టె కొనేటప్పుడు మాత్రం జాగ్రత్త. వేలిముద్రతో తెరుచుకునేవి కొన్ని, మన ముద్ర సరిగా ఎక్కకపోతే ఎవరి వేలు పెట్టినా తెరుచుకుంటాయి. 12 ఏళ్ళ అబ్బాయి ప్రాణం పోయాక, 2023 అక్టోబరులో ఒక కంపెనీ అలాంటివి 61 వేల దాకా వెనక్కి పిలిపించింది. పెట్టె రాగానే మీ పిల్లాడి వేలు పెట్టించి చూడండి. మేం బటన్లు నొక్కే రకం తీసుకున్నాం. గోడ లోపల స్టడ్ (నిలువు చెక్క) ఎక్కడుందో వెతికి, డ్రిల్ పట్టి బోల్టులు బిగించింది నేనే. ఆయన టార్చి పట్టుకున్నారు. గన్ ఖాళీగా తాళంలో, బుల్లెట్లు ఇంకో తాళంలో. ఇక్కడి పిల్లల డాక్టర్ల సంఘం చెప్పేదీ ఇదే.

ఇక అసలు సంగతి. మావాణ్ణి స్నేహితుడి ఇంటికి పుట్టినరోజు స్లీపోవర్‌కు, అంటే రాత్రి అక్కడే పడుకునేలా, పిలిచారు. దింపడానికి వెళ్ళి, వంటింట్లో ఆ తల్లిని మెల్లగా అడిగాను. "వదినా, ఏమీ అనుకోకండి. ఇంట్లో గన్ ఏమైనా ఉందా? ఉంటే తాళంలోనే ఉంటుంది కదా?"

ఆవిడ చేతిలో గరిటె ఆగిపోయింది. జవాబు చెప్పకుండా హాల్లోకి కేకేసింది. "ఏవండీ, మనింట్లో తుపాకులున్నాయా అని అడుగుతోందండీ!" హాల్లో ఏడెనిమిది కుటుంబాలున్నాయి. ఆయన సోఫాలోంచే అందుకున్నారు. "ఏమ్మా, మేం ఫ్యాక్షనోళ్ళలా కనబడుతున్నామా? బాంబులు కూడా ఉన్నాయి, పెరట్లో చూపించమంటావా?" అందరూ పగలబడి నవ్వారు. మా ఆయన కూడా! నాకు తల కొట్టేసినట్టయింది. అంత నవ్వులోనూ ఉందనో లేదనో ఒక్కరూ చెప్పలేదు. కేకు తిన్నాక మావాణ్ణి తీసుకుని వచ్చేశాను. వాడు దారిపొడుగునా ఏడుపు. తర్వాత వాళ్ళింట్లో సత్యనారాయణ వ్రతానికి మాకు పిలుపు లేదు.

కేకులో గుడ్డు వేశారా, పల్లీలు తగిలాయా, కుక్కను కట్టేశారా అని గుచ్చి గుచ్చి అడుగుతాం. ఎవరికీ కోపం రాదు. ఇదొక్కటి అడిగితే మాత్రం ఇంటి పరువు తీసినట్టు. కాలిఫోర్నియాలో మా చెల్లెలు అడిగితే ఎవరూ తప్పుపట్టరట. అక్కడా మనవాళ్ళే కదా మరి!

ఇప్పుడు నలుగురిలో అడగడం మానేశాను. ముందురోజు మెసేజ్ పెడతాను, అదీ మా ఇంటి సంగతి ముందు చెప్పి. "మా ఇంట్లో ఒకటి ఉంది, తాళంలో ఉంది, బుల్లెట్లు వేరేచోట. మీ ఇంట్లో?" అని. కొందరు చూసి కూడా జవాబివ్వరు. ఆ ఇళ్ళకు మావాణ్ణి పంపను. ఒకావిడ మాత్రం వెంటనే రాసింది. "ఉందండీ, మంచం పక్క డ్రాయర్లో. తాళం లేదు. మీరడిగేదాకా నాకు తట్టలేదు." అప్పట్నుంచి వాళ్ళ పిల్లలే మా ఇంటికొచ్చి ఆడుకుంటున్నారు. పెట్టె లింకు అడిగితే పంపాను. టెక్సస్‌లో 2021 సెప్టెంబరు నుంచి గన్ తాళాల మీద, పెట్టెల మీద సేల్స్ ట్యాక్స్ లేదు. బిల్లులో వేస్తే అక్కడే అడిగి తీయించుకోండి.